నాలుగో వరస చివరి సీటు

మార్చి 4, మంగళవారం

రేపు విభూది బుధవారం, ఈస్టర్ దాకా నలభై రోజుల తపస్కాలం మొదలు. ఇంట్లో ఉన్న గుడ్లు, పాలు ఇవాళే చెల్లిపోవాలి కాబట్టి అట్లు పోశాను. తమ్ముడు ఫెర్గస్ తన టాక్సీ సందు చివర ఆపుకుని వచ్చాడు. పైన నిమ్మరసం పిండుకుంటూ, చక్కెర చల్లుకుంటూ తింటూనే ఉన్నాడు.

"ఈ తపస్కాలానికి ఏం మానేస్తున్నావక్కా? పోయినేడు చక్కెర. అంతకుముందు టీవీ."

"నాటకాలు."

నిమ్మచెక్క పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"చెల్లి క్లోడా నాటకం మొదలై రెండు వారాలన్నా కాలేదు. ఇరవై ఏళ్ళ నుంచి నర్సు వేషాలూ శవం వేషాలూ వేసింది. మొదటిసారి దాని పేరు గుమ్మం మీద లైట్లలో పెట్టారు. ఇప్పుడా నువ్వు నాటకాలు మానేది?"

"ఈస్టర్ సోమవారం చూస్తాను. ఏప్రిల్ ఆఖరిదాకా ఆడుతుందిగా."

"పోయిన వారం, ఆ నాటకంలో ఉన్నది నువ్వేనని చెప్పానే, దానికి కోపమొచ్చిందా?"

"నాకేం కోపం లేదు."

వాడు కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. లేచి, పొయ్యి దగ్గరున్న గిన్నెలు తుడిచే గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, దానిమీద అరచేత్తో గట్టిగా నొక్కాడు.

"ఇదే! అచ్చం ఇదే! రచయిత రాసింది ఎవరో పెద్దక్కని. క్లోడా ఆడింది నిన్ను. ఇలా మడిచి, ఇలా నొక్కి, 'నాకేం కోపం లేదు' అంటుంది చూడూ, హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నీ బూడిదరంగు స్వెట్టరే వేసుకుంది, మోచేతి దగ్గర నువ్వేసిన కుట్లతో సహా."

స్వెట్టర్ క్రిస్మస్‌కి చలేస్తోందని వేసుకెళ్ళింది. తిరిగి ఇవ్వలేదు.

నాటకాలు మానాలని వాడు చెప్పకముందే అనుకున్నాను. జనవరిలోనే అనుకున్నాను.

మార్చి 5

నుదుటన విభూది. ఒంటిపూట భోజనం. గుడ్డ మడవబోయి, ఊరికే కొక్కేనికి తగిలించాను.

మార్చి 8, శనివారం

నెలకో శనివారం నేనూ, నా స్నేహితురాలు ఫోలా మ్యాట్నీకి వెళ్ళడం పదకొండేళ్ళుగా అలవాటు. ఎప్పుడూ చిట్టచివరి బాల్కనీలోనే. మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి, స్తంభం ఒకటి అడ్డం ఉంటుంది, నటుల నడినెత్తులే కనబడతాయి. అయినా మాట స్పష్టంగా వినబడుతుంది. ఇరవై రెండు పౌండ్లు. ఇవాళ ఫోలా ఒక్కతే వెళ్ళింది, క్లోడా నాటకానికే.

తిరిగి వస్తూ మా ఇంట్లో టీకి ఆగింది. టోపీ తియ్యకుండానే కూర్చుంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"చెప్పను."

"నవ్వారా?"

"నవ్వారు. చెప్పనన్నానుగా విన్నీ. నేను మీ ఫెర్గస్‌ని కాదు, నాటకం అంతా వంటింట్లో ఆడెయ్యడానికి. చూడాలనుంటే బస్సెక్కు."

"తపస్కాలం."

"నేనూ ఉపవాసం ఉన్నదాన్నే. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను, నొప్పి ఎక్కడుందో చెప్పని రోగుల్ని చాలామందిని చూశాను." అని టీలో రెండు చెంచాల చక్కెర వేసుకుంది.

ఏమన్నా అంటే ఉపవాసం నుంచి టీకి మినహాయింపు అంటుంది.

మార్చి 12

క్లోడా ఫోన్ చేసింది.

"అక్కా, నీ పేరు మీద కవరు పెట్టిస్తున్నా, టికెట్ల కిటికీ దగ్గర. నాలుగో వరస, చివరి సీటు. రోజూ ఉంటుంది. ఏ రోజు వచ్చినా సరే, పేరు చెప్తే ఇస్తారు."

"ఎంత?"

"ఎంతేమిటి? మా ఇంటివాళ్ళకి ఊరికే ఇస్తారు. బయట అమ్మితే నూట పది పౌండ్లు."

"ఊరికే వచ్చే సీటు నాకొద్దమ్మా. నేనెప్పుడూ కొనుక్కునే చూశాను. పైన."

"పైనుంచి నా నడినెత్తి చూస్తావా? నువ్వు జడ వేసిన నెత్తే కదా, కొత్తగా చూసేదేముంది?"

నాకు నవ్వు రాలేదు. ఈస్టర్ సోమవారం వస్తానన్నాను. పైన సీటు నేనే కొనుక్కుంటానన్నాను. స్వెట్టర్ అడిగాను.

"ఇస్తాలే" అంది. ఎప్పుడో చెప్పలేదు.

అమ్మ పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. జడ నేనే వేసేదాన్ని.

మార్చి 17, సోమవారం

పాట్రిక్ పునీతుడి పండుగ. చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ ఆంబ్రోజ్ నన్ను పక్కకి పిలిచారు. ఫోలా ఏదో చెప్పి ఉంటుంది.

"వినిఫ్రెడ్, ఇవాళ నియమాలకి సెలవు. తాగుడు మానేసినవాళ్ళందరూ ఇవాళ తాగుతారు, చూస్తూనే ఉన్నావుగా. నువ్వు నాటకానికి వెళితే దేవుడేం అనుకోడు."

"పీఠం గుడ్డలు ఇస్త్రీ చెయ్యాలి ఫాదర్."

"రేపు చెయ్యొచ్చు."

"పేరుకుపోయాయి."

అన్నీ ఇస్త్రీ చేశాను. చేసినవి కూడా మళ్ళీ చేశాను.

మార్చి 27, గురువారం

క్లోడా సందేశం: "న్యూయార్క్ వెళ్తున్నాం!!! అక్కడ హాలు ఖాళీ అయింది, వెంటనే రమ్మన్నారు. ఇక్కడ పన్నెండో తారీకుతో ఆఖరు."

ఏప్రిల్ పన్నెండు. మ్రానికొమ్మల ఆదివారానికి ముందు రోజు, ఈస్టర్‌కి ఎనిమిది రోజుల ముందు.

ఈస్టర్ సోమవారానికి నేను కొన్న సీటు డబ్బు వెనక్కి ఇస్తారట. పైన, స్తంభం లేని వైపు దొరికింది. ముందే చూసుకుని కొన్నాను.

ఆడుతున్న నాటకాన్ని ఇలా మధ్యలో ఎత్తుకుపోవడం ఏం పద్ధతి? ఏప్రిల్ ఆఖరిదాకా అని గోడల మీద వేశారు, బస్సుల మీద వేశారు. ఆ మాట నమ్మి కొనుక్కున్నవాళ్ళం పిచ్చివాళ్ళమా? కోపం కాదు. పద్ధతి గురించి అంటున్నాను.

సాయంత్రం ఫెర్గస్ వచ్చి ఫోన్లో న్యూయార్క్ ధరలు చూపించాడు.

"అన్నిటికన్నా చవక సీటు నూట నలభై ఎనిమిది డాలర్లు. పైనే, వెనకే. మళ్ళీ దానిమీద రుసుము. నీ ఇరవై రెండు పౌండ్ల సీటుకి అక్క సీటు. మంచి సీట్లు మూడొందలు, నాలుగొందలు."

"ఎందుకంత?"

"అక్కడ అన్నీ అంతే. నా టాక్సీ ఎక్కే అమెరికావాళ్ళు ఇక్కడి ధరలు చూసి పండగ చేసుకుంటారు. నాలుగు రోజులుండి ఆరు నాటకాలు చూస్తారు, విమానం ఖర్చు గిట్టిపోయిందంటారు. మనవాళ్ళు ఇక్కడ ఖరీదైపోయిందని ఏడుస్తారు."

"అయితే ఇంక చూడలేను."

"ఇంకా రెండు వారాలుందక్కా ఇక్కడ. ఊరికే. రోజూ కవరు పెడుతోంది."

"తపస్కాలం."

వాడు కొక్కేనికున్న గుడ్డ తీసి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. వెటకారం.

ఏప్రిల్ 3

జపమాల. మనసు నిలవలేదు. మూడో రహస్యం పూసల దగ్గర నూట నలభై ఎనిమిదిని పౌండ్లలోకి మారుస్తున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

దారం కొనాలని తొంభై ఎనిమిదో నంబరు బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళాను. బూడిదరంగు దారం మా వీధి కొట్లలోనూ ఉంటుంది కానీ సరైన ఛాయ దొరకదు.

కొన్నాక కాస్త నడిచాను. ఆ వీధి మీదుగానే వెళ్ళాల్సి వచ్చింది. మ్యాట్నీకి ఇంకా టైముంది. ఎవరన్నా టికెట్లు వాపసు ఇస్తే కొనుక్కుందామని జనం వరస కట్టి నిలబడ్డారు. మడత కుర్చీ తెచ్చుకున్న ముసలాయన, థర్మాస్‌తో ఇద్దరు ఆడవాళ్ళు. ఆఖరి రోజు కదా. గుమ్మం మీద దాని పేరు. క్లోడా గారిటీ. పగలు కాబట్టి లైట్లు వెయ్యలేదు.

ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. వరసలో ఒకావిడ, "మీరూ నిలబడతారా అమ్మా, చోటుంది" అని కేకేసింది.

"లేదండీ, దారం కోసం వచ్చాను" అన్నాను.

ఆవిడ తల ఊపింది, అదేదో మామూలు సంగతైనట్టు.

లోపల కిటికీ దగ్గర కవరు ఉండే ఉంటుంది. ఎవరికో ఇచ్చేసి ఉంటారు, ఆఖరి రోజు కదా. ఇచ్చే ఉంటారు.

ఇంటికొచ్చి రేపటి పూజకి ఫాదర్ వేసుకునే ఎర్ర వస్త్రాలు ఇస్త్రీ చేశాను.

ఏప్రిల్ 18

పవిత్ర శుక్రవారం. మౌనం.

ఏప్రిల్ 20

ఈస్టర్. ప్రభువు లేచాడు. నియమం తీరింది. చూడ్డానికేం లేదు.

మే 3, శనివారం

ఫోలాతో వేరే నాటకానికి వెళ్ళాను. పైన కూర్చున్నాం. సీటు ఇరవై ఏడు అయింది, ఐదు పెంచారు. అక్కడికీ ఇక్కడికీ తేడా తగ్గించాలని చూస్తున్నట్టున్నారు. కార్యక్రమ పుస్తకం ఏడు. ప్రకటనలే సగం. ఇంటర్వెల్లో ఐస్‌క్రీం చిన్న డబ్బా ఐదున్నర, చెక్క చెంచా మూతలోనే ఉంటుంది, అది ప్రతిసారీ విరుగుతుంది. విరిగింది.

నాటకం దేని గురించో గుర్తు లేదు.

ఫోలా అంది: "నీకు ధరల మీద ఇంత పట్టు ఎప్పుడొచ్చింది విన్నీ? పదకొండేళ్ళలో ఒక్కసారి అనలేదు."

"పెరిగాయి కాబట్టి అంటున్నాను."

"సరే."

ఆవిడ 'సరే' అంటే ఫాదర్ ప్రసంగం కన్నా పొడుగు.

మే 6

నేను పనిచేసే డాక్టరు గారి ఆసుపత్రిలో నా కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చి గంట నుంచి కూర్చోబెట్టారని అరిచాడు. ఎప్పటిలాగే నెమ్మదిగా సమాధానం చెప్పాను. "మీకు అసలు కోపం రాదామ్మా?" అన్నాడు వెళ్తూ.

తర్వాతి రోగిని పిలిచాను.

మే 11, ఆదివారం

ఫెర్గస్ కవరు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. విమానం టికెట్. నా పేరు.

"యాభై ఏడో పుట్టినరోజు కానుక. ముందే ఇస్తున్నా. మీ ఇద్దరి మధ్యా మాటలు మోసీ మోసీ నాకు విసుగొచ్చింది. టాక్సీలో అయితే మీటరన్నా తిరిగేది."

"అంత ఖర్చు ఎందుకురా?"

"నీ స్వెట్టర్ నువ్వే తెచ్చుకో. పోస్టులో పంపడానికి క్లోడాకి తీరదట."

"స్వెట్టర్ కోసం అయితే వెళ్తాను."

"స్వెట్టర్ కోసమే వెళ్ళు. నాటకం వైపు చూడకు. కళ్ళు మూసుకుని లోపలికెళ్ళి, స్వెట్టర్ విప్పించుకుని, బయటికిరా."

"అక్కడ చూసేదేముందిలే. జనం ప్రతి నాటకానికీ లేచి నిలబడి చప్పట్లు కొడతారట. మంచిదైనా చెడ్డదైనా."

"మూడొందల డాలర్లు పోసి కొన్నాక బాగుందని తమకి తామే చెప్పుకోవాలిగా అక్కా. అందుకు లేస్తారు. లేవడం ధరలో కలిసే ఉంటుంది."

నిజమే. ఇక్కడ మనం కూర్చునే చప్పట్లు కొడతాం. నేను పదకొండేళ్ళలో ఒక్కసారే లేచాను, ఆ రోజు కాలు తిమ్మిరెక్కింది.

మే 21, న్యూయార్క్

క్లోడా నాటకం కంపెనీ ఇచ్చిన ఫ్లాటులో ఉంటోంది. ఒక గది, కిటికీ తీస్తే ఎదురు గోడ. నీళ్ళు కాచే కెటిల్ లేదు. మనిషి ఉండే ఇంట్లో కెటిల్ లేదు! గిన్నెలో నీళ్ళు పోసి మైక్రోవేవ్‌లో పెట్టి టీ ఇచ్చింది. పైన నురగ. తాగాను.

కావలించుకుంది. సన్నబడింది. నాటకం మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. స్వెట్టర్ హాల్లో ఉందట, వేషాల గదిలో.

వెళ్తూ అంది: "రేపటికి నీ పేరు చెప్పి ఉంచాను. కిటికీ దగ్గర. నాలుగో వరస, చివరిది."

మంచిది అన్నాను. ఇంత దూరం వచ్చాక వద్దంటే బాగుండదు.

మే 22, గురువారం

ఇంతటి అవమానం నా జన్మలో పడలేదు.

పొద్దున పూజకి వెళ్ళి, అట్నుంచి నాటకశాలకి నడిచి వెళ్ళాను. ఎందుకన్నా మంచిదని ముందే కవరు తీసుకుందామనుకున్నాను. కిటికీ వెనక అమ్మాయి గోళ్ళకి ఆకుపచ్చ రంగు.

"వినిఫ్రెడ్ గారిటీ పేరుతో కవరు ఉంటుందమ్మా. క్లోడా గారిటీ అక్కని."

"ఓ, అక్కగారా! భలే చేస్తారండీ మీ చెల్లెలు!" అని వెతికి, "ఉంది. రెండు వందల పద్దెనిమిది డాలర్లు. కార్డా, నగదా?"

"లేదమ్మా, నేను ఆవిడ అక్కని."

"అవునండీ. అందుకే ఈ సీటు ఉంచాం. మామూలువాళ్ళకి దొరకదు ఇది. ఆరింటి లోపల కట్టకపోతే వేరేవాళ్ళకి అమ్మేస్తాం."

నా వెనక పదిమంది. అందరూ విన్నారు. అమ్మాయి తప్పేం లేదు, నవ్వుతూనే చెప్పింది. అది ఇంకా బాధ.

"ఆలోచించుకుంటాను" అని బయటికొచ్చాను. సొంత చెల్లెల్ని చూడ్డానికి, నేను జడ వేసిన పిల్లని చూడ్డానికి, నా స్వెట్టర్‌ని చూడ్డానికి, రెండు వందల పద్దెనిమిది డాలర్లు. నడిచాను. ఎన్ని వీధులో తెలీదు, ఇక్కడ వీధులకి పేర్లు కూడా పెట్టుకోరు, అంకెలే.

వెళ్ళలేదు. తలనొప్పి అని కాగితం రాసిపెట్టి పడుకున్నాను. నొప్పి ఉంది కూడా.

మే 23, శుక్రవారం

పొద్దున క్లోడా లేచేసరికి నేను మైక్రోవేవ్ ముందు నిలబడి ఉన్నాను. అది అటకాయించింది.

"రాత్రి నీ సీటు ఎవరికో అమ్మేశారట."

"ఆరింటి లోపల కట్టాలన్నారు."

"కట్టాలి మరి. ఇక్కడ మాకు ఊరికే ఇవ్వరక్కా. ఎవరికీ ఇవ్వరు. పెద్ద పెద్ద నటులకి కూడా. మంచి సీటు ఒకటి పక్కన ఉంచి, కొనుక్కునే హక్కు ఇస్తారు. అంతే. అదే పెద్ద మర్యాద ఇక్కడ."

"చెల్లెల్ని చూడ్డానికి కొనుక్కునే హక్కు."

"నేనే కట్టేసి ఉండొచ్చు. కార్డు ఇచ్చి ఒక్క మాట చెప్తే సరిపోయేది."

"మరి?"

"కావాలనే కట్టలేదు."

గిన్నె నా చేతిలో కాలుతోంది. దింపలేదు.

"లండన్‌లో రోజూ ఊరికే పెట్టాను. 'ఊరికే వచ్చేది నాకొద్దు, కొనుక్కునే చూస్తా'నన్నావు. ఇక్కడ కొనుక్కో అంటే, 'సొంత చెల్లెల్ని చూడ్డానికి కొనుక్కోవాలా' అంటున్నావు. ఏ ధర అయితే వస్తావక్కా నువ్వు? చెప్పు, నేను వాళ్ళతో మాట్లాడతాను."

"తపస్కాలం వచ్చింది."

"పాట్రిక్ పండగ రోజు కూడానా? ఫెర్గస్ చెప్పాడులే." గొంతు తగ్గించింది. "నాలుగో వరస చివరి సీటు వేదిక మీంచి బాగా కనబడుతుంది. లైట్లు ఆరకముందు తెర పక్కన నిలబడి చూసుకునేదాన్ని. కిటికీవాళ్ళు ఎవరికన్నా ఇచ్చేస్తామంటే ఇవ్వొద్దన్నాను. ఒకరోజు ఫోలా ఆంటీ పైనుంచి దిగొచ్చి కూర్చుంది, ఇంటర్వెల్ తర్వాత. ఖాళీగా ఉంచడం పాపమని. ఆ ఒక్కరోజే."

ఫోలా నాకు చెప్పలేదు.

"నన్ను చూసి హాలంతా నవ్వుతోందన్నారు" అన్నాను. అనాలని అనలేదు. వచ్చింది.

క్లోడా కుర్చీలో కూలబడింది. "అదా. అక్కా, ఆ నవ్వు కోసం ఎంత చచ్చానో తెలుసా? అక్కడ ఆ మాటకి హాలు ఊగేది. మా అక్కా అంతే, మా అమ్మా అంతే అని నవ్వేవాళ్ళు. ఇక్కడికొచ్చాక రాలేదు. ఒక్కరోజు కూడా రాలేదు. గుడ్డ మడిచి 'నాకేం కోపం లేదు' అంటానా, హాలంతా నిట్టూరుస్తుంది. అయ్యో పాపం అంటారు. ముందు వరసలో ముక్కులు చీదుతారు."

"ఎవర్ని చూసి పాపమంటున్నారు?"

"పెద్దక్కని చూసి."

"నన్నా?"

"నిన్నే."

"పాపమా? నేనేం పాపం? నాకేమైంది?"

"అదే కదా నేనూ దర్శకుడితో మొత్తుకునేది!"

గిన్నె దింపాను. అరచెయ్యి ఎర్రబడింది. నవ్వారంటే సరే, అది వేరు. మూడొందల డాలర్లు పోసి కొనుక్కుని వచ్చి నా మీద జాలిపడటం ఏమిటి? ఎవరడిగారు వీళ్ళ జాలి? ఈ వయసుకి నేను ఎవరినీ చెయ్యి చాచి అడిగింది లేదు.

మధ్యాహ్నం వెళ్ళి ఆకుపచ్చ గోళ్ళ అమ్మాయికి డబ్బు కట్టాను. రేపటి మ్యాట్నీకి. నగదు. లూర్దులో మరియమ్మ గుడికి యాత్ర వెళ్దామని దాచినవి. మరియమ్మ తల్లి ఏమీ అనుకోదు, ఆవిడకీ పెంచిన బిడ్డ సంగతి తెలుసు.

ఆ అమ్మాయి అంది: "తలనొప్పి తగ్గిందా అండీ?"

క్లోడా నోట్లో ఏదీ దాగదు.

మే 24, శనివారం

ముందు రాయాల్సింది: గుమ్మం దగ్గర ఒకమ్మాయి కార్యక్రమ పుస్తకం చేతిలో పెట్టింది. చిల్లర తీయబోతుంటే, "ఊరికేనమ్మా, తీసుకోండి" అంది. ఇంకోటి అడిగితే ఇంకోటీ ఇచ్చింది, ఫోలాకి. మా దగ్గర పుస్తకానికి డబ్బు, చెల్లెలు ఉచితం. ఇక్కడ పుస్తకం ఉచితం, చెల్లెలికి డబ్బు. సీట్లలో కూర్చుని మూత పెట్టిన ప్లాస్టిక్ కప్పుల్లో వైన్ తాగుతున్నారు, చంటిపిల్లల్లా. ఏసీ ఎముకలు కొరుకుతోంది.

మోకాళ్ళకి చోటుంది. స్తంభం లేదు.

పక్కన ఓహాయో నుంచి వచ్చిన ఆవిడ. మెడలో ముత్యాలు. "మీరూ చాలా దూరం నుంచి వచ్చారా?" అని అడిగింది.

"స్వెట్టర్ కోసం వచ్చాను" అన్నాను.

క్లోడా వేదిక మీదికి రాగానే చప్పట్లు. ఇంకా నోరు తెరవలేదు, అప్పుడే. ఆ చప్పట్లలోనే నా స్వెట్టర్ చూశాను. అందులో నా నడక. భుజాలు కాస్త ముందుకి, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు. నేను అలా నడుస్తానని నాకు తెలీదు. చూడగానే తెలిసింది.

కథ: తల్లిదండ్రుల ఇల్లు అమ్ముతున్నారు, తోబుట్టువులు పంచుకోవడానికి వచ్చారు. ఒకడు గడియారం అడుగుతాడు, ఒకతి మంచం అడుగుతుంది. పెద్దక్కని నీకేం కావాలని ఎవరూ అడగరు. చివరికి చిన్న తమ్ముడు, "అక్కా, నీకు కోపమొచ్చిందా?" అంటాడు.

అది గుడ్డ తీసింది. రెండు మడతలు. నాలుగు. అరచేత్తో నొక్కింది. ఎంత గట్టిగా నొక్కిందంటే, ఆ గుడ్డలో ఆ తోబుట్టువులందరూ ఉన్నారేమో, అంతగా.

"నాకేం కోపం లేదు."

హాలంతా నిశ్శబ్దం. ఓహాయో ఆవిడ ముక్కు చీదడానికి కాగితం తీసుకుంటోంది. క్లోడా ఎదురు చూస్తోంది. నాకు తెలుస్తోంది, ఆ నవ్వు కోసం అది ఊపిరి బిగబట్టి నిలబడింది.

నాకు నవ్వొచ్చింది.

ఆపుకోలేకపోయాను. పెద్దగా వచ్చింది, వంటింట్లో ఫెర్గస్ నవ్వినట్టు. అంత అబద్ధం అంత మర్యాదగా ఎవరన్నా చెప్తారా! ఓహాయో ఆవిడ ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను ఆపలేదు. ఆవిడ పెదవి వంగింది. "మా పెద్దత్తయ్య!" అంది నోట్లోనే, అని ఆవిడా మొదలుపెట్టింది. వెనక వరస. ఆ వెనక. తర్వాత పైనుంచి, చవక సీట్ల నుంచి, పెద్దగా.

క్లోడా నా వైపు చూడలేదు. చూడకూడదు, వేషంలో ఉంది. ఊపిరి మాత్రం వదిలింది.

తర్వాత ఫెర్గస్ నాకు చెప్పనిది ఒకటుంది. అందరూ వెళ్ళిపోతారు. పెద్దక్క ఒక్కతే వంటింట్లో. ఆ గుడ్డ విప్పుతుంది. మళ్ళీ మడుస్తుంది. మళ్ళీ విప్పుతుంది. మాటల్లేవు. చాలాసేపు.

నేను అలా చేస్తానని ఎవరికీ తెలీదు. తలుపు వేసుకునేదాన్ని. పిల్లలు పడుకునేవాళ్ళు. క్లోడా మెట్ల మీద కూర్చుని తలుపు సందులోంచి చూసేదేమో. తొమ్మిదేళ్ళది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

అయిపోగానే హాలంతా లేచి నిలబడింది. నేను కూర్చునే చప్పట్లు కొట్టాను. ముందున్నవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడలేదు. కోట్లు, జుట్లు, చేతులు. క్లోడా తల వంచి నమస్కరించడానికి వచ్చే ఉంటుంది. కనబడలేదు. రెండు వందల పద్దెనిమిది పెట్టి వీపులు చూడనా?

అందుకే లేచాను. కనబడదని మాత్రమే.

అది నాలుగో వరస చివరికే చూస్తోంది.

మే 29, లండన్

ఫెర్గస్ విమానాశ్రయానికి టాక్సీ తెచ్చాడు. మీటరు వేశాడు, నవ్వించడానికి.

"స్వెట్టర్ ఏదక్కా?"

"మర్చిపోయాను."

"దానికోసమేగా వెళ్ళింది!"

"ఆ హాల్లో చలి. దాని దగ్గరే ఉండనీ."

ఇవాళ బూడిదరంగు దారం ఒక సూదితో కలిపి క్లోడాకి పోస్టు చేశాను. ఎడమ మోచెయ్యి కుట్టు బాగానే ఉంది. కుడిది పల్చబడింది, ఇంకో నెలకి చిరుగుతుంది. ఇరవై రెండు పౌండ్ల సీటు నుంచి అది కనబడేది కాదు.